కళ్ళు మూసుకుని నవ్వేవాడు

మా చిన్నప్పుడు... సాయంత్రం ఆరయ్యేసరికి టీవీ ముందు ఇద్దరం సిద్ధం. నేనూ, మా అవ్వా. మోత్కూర్ దగ్గర చిన్న ఊరు మాది. నాకప్పుడు పదేళ్ళు. అవ్వ ఒళ్ళో చాట, చాటలో చింతపండు. చేతులు గింజలు తీస్తుంటే కళ్ళు మాత్రం తెర మీద... జపాన్ కార్టూన్ల మీద!

తెలంగాణ వచ్చిన కొత్త రోజులవి. ఆ కార్టూన్లు తెలుగులోనే వచ్చేవి గానీ, అందులో వాళ్ళు ఎంత పద్ధతిగా మాట్లాడేవారో! "గీళ్ళు బెజవాడ జపానోళ్ళా బిడ్డా?" అని అడిగేది అవ్వ.

పేర్లు రాయను... రాస్తే "ఇదీ ఒక ఫేవరెట్టేనా" అని మీలో సగం మంది కొట్లాటకు వస్తారు. నాకు ప్రాణమైనవి మూడు. ఒంటిచెవి పిల్లిని వెంటేసుకుని పడవ నడిపే అమ్మాయి కథ... మంచుకొండల్లో మందులమ్ముకునే అన్నదమ్ముల కథ... మూడోది సినిమా, పాడుబడ్డ రైల్వే స్టేషన్లో రోజూ దీపాలు వెలిగించే ముసలమ్మది. ఇప్పటికీ ఒంట్లో బాగోకపోతే ఆ సినిమానే పెట్టుకుంటాను.

ఈ మూడింటిలోనూ ఒకడుండేవాడు... ఎప్పుడూ కళ్ళు మూసుకుని నవ్వేవాడు. కళ్ళ చోట రెండు గీతలే. మెత్తగా మాట్లాడతాడు, అందరికీ టీ పోస్తాడు. చివర్లో ఒక్కసారి కళ్ళు తెరుస్తాడు... ఇక అంతే, ఊరు బూడిద! జపాన్ బొమ్మలు చూసేవాళ్ళందరికీ వీడి సంగతి తెలుసు. కానీ మా ఇంట్లో నాకంటే ముందు కనిపెట్టింది అవ్వే.

"కండ్లు మూసుకొని నవ్వేటోన్ని నమ్మొద్దు బిడ్డా. ఏందో దాస్తాండు వాడు."

పెద్ద కళ్ళ కుర్రాడు మాత్రం మనవాడు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, గొంతు చించుకుని "నేనున్నాను!" అని అరుస్తాడు చూడండి... వాడు మాట తప్పడు. అదీ మా ఇద్దరి లెక్క.

సరిగ్గా ఆ రోజుల్లోనే రోడ్డు పక్క భూముల ధరలకు రెక్కలొచ్చాయి. మా చేను రోడ్డు పక్కనే... అవ్వా తాతా కూలికి పోతూ, రాళ్ళు ఏరి ఏరి బాగుచేసుకున్న ఎకరన్నర. మాకున్నదంతా అదే. ప్లాట్ల బేరగాళ్ళు బండ్ల మీద తిరగడం మొదలుపెట్టారు. ఒకరోజు అలాంటి ఒకాయన మా గడప ముందు దిగి, "నమస్తే అవ్వా" అని నవ్వాడు...

కళ్ళు కనబడలేదు! బుగ్గలు పైకి లేచి, రెండు గీతలైపోయాయి. నేను అవ్వ వైపు చూశాను. అవ్వ నా వైపు చూసింది.

చేను అమ్మేది లేదని బాపు చెప్తే, "మంచిది అన్నా" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చాడు... ఊరికే, ఇటుగా పోతూ ఆగానన్నాడు. ఊరికే ఎవరైనా ఆగుతారా? ఎందుకాగాడు? నాకో చాక్లెట్ ఇస్తే నేను తినలేదు. కోడికి వేసి, అది పడిపోతుందేమోనని సాయంత్రం దాకా చూశాను. కోడి బాగానే ఉంది. మా అనుమానం మాత్రం తీరలేదు.

అప్పుడే మా అమ్మ తమ్ముడు సైదులు మామ కూడా తరచూ వస్తుండేవాడు. ఇంతింత కళ్ళు. నవ్వితే ఇల్లు దద్దరిల్లేది, ఏడుపొస్తే దాచుకునేవాడు కాదు. చేనుకు కొత్త పాస్‌బుక్ పని ఉందని బాపును తహసీల్దార్ ఆఫీసుకు తీసుకెళ్ళింది ఆయనే. బాపుకి సంతకం పెట్టడం వచ్చు, చదవడం రాదు. "నేనున్న గద బావా, ఫికర్ జేయకు" అన్నాడు మామ. ఆయన మీద మాకు అనుమానమా? వెంట్రుకంత కూడా లేదు.

కొన్నాళ్ళకు ఆ బేరగాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి నవ్వలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి... దుమ్ముకి ఎర్రబడ్డ మామూలు కళ్ళు. నేను అవ్వ వెనక్కి జరిగాను.

"అన్నా, మీ బామ్మర్ది మీ చేను అమ్మజూపుతాండు. మీ సంతకమున్న కాగితం గూడ ఉన్నది ఆయన కాడ. మీకెరికేనా?" అన్నాడు బాపుతో.

అవ్వ చాట పక్కన పడేసి లేచింది. "అగో... బయట పడ్డది వీని బుద్ధి! మా ఇంట్ల మంట పెడ్తవారా? నడువ్ ఈడికెల్లి!"

బాపు ఏదో అడగబోయాడు. అవ్వ అడగనివ్వలేదు. బేరగాడు బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే మామకి అంతా చెప్పేశాం. మామ కళ్ళనిండా నీళ్ళు... "నేను గసొంటోన్నా అత్తమ్మా?" అవ్వే తన కొంగుతో ఆ కళ్ళు తుడిచింది.

నెల తిరక్కుండా మా చేలోకి జేసీబీ వచ్చింది. ఎవరో కొనుక్కున్నారట. మామ ఫోన్ స్విచాఫ్. బాపు వేసిన కేసు ఇప్పటికీ నడుస్తూనే ఉంది, బాపు ఆలేరులో ఒక గోదాముకు కాపలా ఉంటున్నాడు. జేసీబీ వచ్చిన రోజు అవ్వ రోడ్డు పక్కన కూలబడి ఒకటే మాట అన్నది... "చెప్పనే చెప్పిండు గద కొడుకా... నేనే ఇననియ్యకపోతి."

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. జపాన్ సినిమాలు మానలేదు. మొన్న ఊరికి వెళ్ళినప్పుడు, నాకు బాగా నచ్చిన కొత్త సినిమా ఒకటి అవ్వకి ఫోన్లో చూపించాను. అందులో పెద్ద కళ్ళ కుర్రాడు ఏడుస్తూ జపాన్ భాషలో ఏదో అంటాడు... నా గదిలో ఒక్కదాన్నే చూసినప్పుడు నేనూ వెక్కివెక్కి ఏడ్చిన సీను అది.

"ఏమంటాండు?" అనడిగింది అవ్వ.

"నేనున్నాను అంటున్నడు అవ్వా."

అవ్వ ఫోన్ దగ్గరికి లాక్కుని వాడి ముఖంలోకి చాలాసేపు చూసింది. "మంచిగున్నయ్ వీని కండ్లు... గందుకే భయమైతాంది. బంజెయ్యి బిడ్డా."

బంద్ చేశాను.

ఒకప్పుడు బొమ్మ కనబడ్డ అయిదు నిమిషాల్లో మంచోడెవరో తేల్చేసి, హాయిగా చూసేవాళ్ళం... ఇప్పుడు ఏ సిరీస్ మొదలుపెట్టినా చివరి ఎపిసోడ్ దాకా నా మనసు ఎవరి వైపూ మొగ్గదు. మీ చిన్నప్పుడు ఆ తెర మీద ఎవర్ని నమ్మారు, ఎవర్ని అనుమానించారు? కింద రాయండి, అన్నీ చదువుతాను... నమ్ముతానో లేదో మాత్రం చెప్పలేను.