లైటు చూడటానికి కూర్చున్న పెళ్ళికూతురు

ఒకే ఒక్క ఫోటోతో నేను ఒక పెళ్ళి సంబంధాన్ని చెడగొట్టాను. చెడగొట్టి ఊరుకున్నా బాగుండేది. దాన్ని బాగుచేయబోయి మరికొన్ని ఫోటోలతో ఇంకా చెడగొట్టాను. అదంతా ఇప్పుడు పూసగుచ్చినట్టు చెబుతాను. మంచినీళ్ళు పక్కన పెట్టుకుని చదవండి, మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే గొంతు ఎండిపోకూడదు.

రెండువేల పది ప్రాంతపు మాట. కువైట్‌లో, ఖైతాన్‌లో ఒక పాత బిల్డింగులో ఉండేవాళ్ళం. కింద రొట్టెల దుకాణం. తెల్లవారేసరికి ఖుబూస్ కాల్చే వాసన మెట్లెక్కి మా తలుపు తట్టేది. కిటికీలో ఏసీ పాత లారీలా మోగుతుంటే ఇంట్లో అందరం అరిచి మాట్లాడుకునేవాళ్ళం. నా గొంతు ఇలా తయారవడానికి ఆ ఏసీయే కారణమని నేనంటాను. ఏసీ లేని రోజుల్లో కూడా ఇంతేనని మా ఆయన అంటారు.

ఆయన ఒక కంపెనీలో కంప్యూటర్లు చూసేవారు. నేను శుక్రవారాలు ఫోటోలు తీసేదాన్ని. శుక్రవారం అక్కడ సెలవు. మనవాళ్ళ పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ బాప్తిస్మాలూ అన్నీ ఆ రోజే. వారమంతా ఆస్పత్రుల్లో, ఇళ్ళల్లో, ఎండలో నలిగిన మొహాలు ఆ ఒక్కరోజు పౌడరు రాసుకుని, జడలో ప్లాస్టిక్ మల్లెలు పెట్టుకుని నా కెమెరా ముందుకొచ్చేవి. అంత శ్రద్ధగా నవ్వే మనుషులను ఆ తర్వాత నేనెక్కడా చూడలేదు.

పని పెరిగింది కాబట్టి వెబ్‌సైట్ పెట్టాలన్నారు మా ఆయన. "రెండు కావాలి. ఫోటోలు చూపించడానికి ఒక పోర్ట్‌ఫోలియో. వాటి కథ చెప్పడానికి ఒక బ్లాగు."

"ఫోటోకి కథేమిటి? పక్కన నిలబడి వివరిస్తే తప్ప అర్థం కానిదైతే అది ఫోటో కాదు, రేషన్ కార్డు."

"జనానికి ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని తెలుసుకోవాలని ఉంటుంది."

"అవన్నీ పోలీసులకు కావాలి. చూసేవాడికి కళ్ళుంటే చాలు."

ఆ రోజుల్లో నేను వాదనలో ఓడిన దాఖలా లేదు. నా మాట నెగ్గింది. నల్లటి తెర, తెర నిండా ఫోటోలు, చివర్లో నా ఫోన్ నంబరు. అంతే. ఒక్క పేరు లేదు, ఒక్క ముక్క రాత లేదు. చూసుకుని చూసుకుని మురిసిపోయాను. ముఖ్యంగా మొదటి ఫోటో చూసి.

ఆ మొదటి ఫోటో దగ్గర కాస్త ఆగాలి. పెళ్ళిస్టేజి మీదకు జంట రాకముందే ఎవరినో ఇద్దరిని అక్కడ కూర్చోబెట్టి, దీపాలు ఎటు తిప్పాలో, ఫ్లాష్ ఎంత పెట్టాలో చూసుకుంటాం. దాన్ని లైటు చూడటం అంటాం. చూసుకోకపోతే తెల్లపూల దండ ట్యూబులైటులా మెరిసిపోతుంది, నల్లకోటు బొగ్గులబస్తాలా మిగిలిపోతుంది. అందుకని నా సంచిలో ఎప్పుడూ ఒక జత తెల్ల ప్లాస్టిక్ దండలుండేవి. అవి వేసుకుని కూర్చునే ఆడమనిషి ఎప్పుడూ సువార్తే.

సువార్త మా ఎదురు ఫ్లాట్‌లో ఉండే నర్సు. భీమవరం దగ్గరి పిల్ల. వారమంతా యూనిఫాంలో ఉంటుంది కాబట్టి పట్టుచీర కట్టే అవకాశం ఎక్కడున్నా వచ్చేసేది. ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. అడిగితే "అవుద్దిలే అక్కా, తొందరేముంది" అనేది. అనేటప్పుడు మాత్రం మొహం అటు తిప్పుకునేది.

ఆ ఫోటో తీసిన శుక్రవారం రిగ్గైలో ఒక పెళ్ళి రిసెప్షన్. అసలు జంట ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. సువార్తను కూర్చోబెట్టాను. పక్కన మగమనిషి కావాలి. మా లైట్లు మోసే వ్యాన్ డ్రైవర్ ఓబులేసు దొరికాడు. కడప మనిషి. ఊళ్ళో భార్యా ఇద్దరు పిల్లలూ ఉన్నారు. హాల్లో వడ్డించేవాళ్ళ నల్లకోటు ఒకటి తొడిగి, దండ వేసి కూర్చోబెట్టాను. నేను వంగి కెమెరా సర్దుకుంటుంటే అతను మెల్లగా, "సిస్టరూ, మన పెండ్లి సరే, కూడు ఎప్పుడు పెడ్తారో కనుక్కో" అన్నాడు. సువార్త పడీపడీ నవ్వింది. అతనూ నవ్వాడు. నేను నొక్కాను.

తర్వాత అసలు జంట వచ్చింది. ఇంజక్షన్ కోసం వరుసలో కూర్చున్నట్టు కూర్చున్నారు. ఎంత బతిమాలినా పళ్ళు కనిపించాయి గానీ నవ్వు కనిపించలేదు. ఆ ఏడాది నేను తీసినవాటిలో మేలైన పెళ్ళిఫోటో ఏదంటే, పెళ్ళే జరగనిది. దాన్నే మొదటి పేజీలో పెట్టాను. కళ్ళుంటే చాలు కదా.

కొన్నాళ్ళకు సువార్త చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. "అక్కా, నాకు సంబంధం కుదిరిందే."

పిల్లవాడి పేరు సుధీర్, మహబూలాలో ఏసీ మెకానిక్. చర్చిలో పరిచయం. ఎండాకాలమంతా సువార్తవాళ్ళ ఫ్లాట్ ఏసీ చెడిపోకుండానే వచ్చి బాగుచేసి వెళ్ళిన మనిషి. తల్లి లేని అతణ్ణి పెంచి పెద్దచేసింది అక్క ఎస్తేరు. ఆవిడ ఇంకో ఆస్పత్రిలో హెడ్ నర్సు. ఆవిడ అడుగుల చప్పుడుకే జ్వరాలు దిగిపోతాయని ప్రతీతి.

"వచ్చే నెల్లో ప్రధానం. ఉంగరాలు మార్చుకోడం. ఫోటోలు నువ్వే తియ్యాలి. ఎస్తేరు వదినగారు ముందు పనితనం చూడాలన్నారు, నీ సైటు ఎడ్రస్ ఇచ్చేసేను."

"మంచిపని చేశావు" అన్నాను. నిజంగా అన్నాను. అంత సంతోషంగా ఉన్న పిల్ల ముందు మెదడు కూడా సెలవు తీసుకుంటుంది కాబోలు.

ఆ సాయంత్రమే ఫోన్. ఎవరో ఆడగొంతు, చాలా మర్యాదగా. తన పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు.

"మీ ఫోటోలు చూసేనండి. బాగున్నాయి. మొదటి ఫోటోలో ఆ జంట ఎవరండి?"

నాకు ఒళ్ళు పొంగింది. లైటు చూడటానికి తీసిందని చెబితే పరువేం కాను? "జంట ఎవరని అడక్కూడదండీ, ఎలా ఉన్నారో చూడాలి. ఆ నవ్వు చూశారా? అది నేను నవ్వమంటే వచ్చింది కాదు. వాళ్ళిద్దరి మధ్య ఉన్నదే."

"అంటే, చాలా అన్యోన్యంగా ఉంటారన్నమాట."

"కళ్ళల్లోనే తెలియడం లేదూ?"

"తెలుస్తూనే ఉందండి. ఎప్పుడయ్యిందేటి ఈ పెళ్ళి?"

"మొన్న చలికాలంలో, రిగ్గైలో."

"చాలా సంతోషం" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది. కొత్త బేరం తగిలిందని మా ఆయనకు చెప్పి, ఆ రాత్రి పాయసం కూడా చేశాను.

మర్నాడు సువార్త వచ్చింది. ఈసారి చెప్పులేసుకునే వచ్చింది, నెమ్మదిగా. గుమ్మంలోనే నిలబడి, "ఏం చేసేవక్కా నువ్వు" అంది.

"ఏం చేశాను?"

"నాకు ఎవరితోనో పెళ్ళయిపోయిందంట. ఫోటో తీసినావిడే చెప్పేరంట, చాలా అన్యోన్యంగా ఉంటామని."

పాయసం గిన్నె ఇంకా పొయ్యి మీదే ఉంది. దాని వంక చూడలేకపోయాను.

వెంటనే ఆ ఫోటో తీసేయించాను. తెలివైన పని అనుకున్నాను. ఆ సాయంత్రమే మళ్ళీ ఎస్తేరు గారి ఫోన్. "నిన్న ఉన్న ఫోటో ఇవాళ లేదేటండి? అబద్ధమైతే ఉంచేవారు కదా." అనేసి ఫోన్ పెట్టేసింది. నేను ఓడిపోయిన వాదన జీవితంలో అదే మొదటిది.

మా ఆయన మెల్లగా దగ్గారు. "ఫోటో కింద ఒక్క వాక్యం ఉండి ఉంటే..."

"ఇప్పుడు ఆ సంగతి ఎత్తితే మీ భోజనం ఈ ఇంట్లో కాదు."

"ఎత్తను. బ్లాగు పెడదాం. జరిగింది జరిగినట్టు రాయి."

రాశాను. జీవితంలో మొదటి బ్లాగు. నేను రాయడం మొదలుపెడితే మాట్లాడినట్టే ఉంటుంది, ఎదుటివాళ్ళకు సందు దొరకదు. లైటు చూడటమంటే ఏమిటో, నల్లకోటు ఎందుకో, దండ ఎందుకో, అంతా విడమరిచాను. ఎవరూ పొరబడకుండా పైన పెద్ద అక్షరాలతో పేరు పెట్టాను: 'సువార్తకు ఇంకా పెళ్ళి కాలేదు.' మాట ఒక్కటే చాలదు, సాక్ష్యం కావాలి కదా. పాత ఫోటోలన్నీ తవ్వి, సువార్త లైటు కోసం కూర్చున్నవి వెతికి పట్టుకుని వరుసగా పెట్టాను. ఒకదాంట్లో ఓబులేసు, ఒకదాంట్లో హాలు వాచ్‌మన్, ఒకదాంట్లో కేకు తెచ్చినాయన. మగమనిషి దొరకని ఒక రోజున మా ఆయన.

చదువుకున్నదాన్నేనండీ. బీఎస్సీ ఫస్ట్ క్లాసు. ఒక మొగుడున్నాడని అనుమానపడుతున్నవాళ్ళకు నలుగురిని చూపించాను.

కువైట్‌లో తెలుగువాళ్ళు అంతమంది ఉన్నారని నాకు ఆ వారమే తెలిసింది. సువార్త ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది. "అక్కా, మందుల షాపాయన కూడా అడుగుతున్నాడే, ఇంకా కాలేదంట కదా అని. పేషెంట్లు జాలిగా చూస్తున్నారు. నువ్వు ఇంక నాకు ఏ సాయం చెయ్యకే, నీకు దణ్ణం."

తర్వాత ఓబులేసు. "అక్కా, కోటేసుకోమంటే ఏసుకున్న్యా, దండేసుకోమంటే ఏసుకున్న్యా. కంప్యూటర్లో ఎక్కించేది ఏంటికి? మా బామ్మర్ది ఈడ ఫర్వానియాలోనే ఉండాడు. వాడు సూసి, నెట్ సెంటర్లో సూసుకోమని ఊరికి ఫోన్ కొట్న్యాడు. మా ఇంటిది ఇంగ నన్ను రావద్దంటాంది."

"అందులో అబద్ధమని రాశాను కదయ్యా."

"రాసినావులే. దానికి సదువు రాదు, బొమ్మలు బాగా కనపడ్తాయి."

ఇన్నాళ్ళూ నేను వాదించింది అదే. చూసేవాడికి కళ్ళుంటే చాలని.

ఆ శుక్రవారం ప్రార్థన అయ్యాక మా తలుపు చప్పుడైంది. ఎస్తేరు గారు. వెనక సుధీర్, మెడ వంచుకుని. సువార్తను కబురంపి పిలిపించింది. మా ఆయన కంగారులో టీలో ఉప్పేశారు. ఎస్తేరు గారు ఒక్క గుక్క తాగి, మొహం మారకుండా కప్పు కింద పెట్టింది. హెడ్ నర్సు అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది.

"ఏవండీ ఫోటోలావిడా, మీరు రాసింది చదివేను. రెండోసారి కూడా చదివేను. మొదటిసారి కోపం వచ్చింది, రెండోసారి నవ్వొచ్చింది."

"నేను నవ్వు కోసం రాయలేదండీ."

"తెలుసు. అందుకే వచ్చింది." సుధీర్ వైపు తిరిగింది. "నువ్వేవంటావురా?"

"నేను మొదట్నించీ నమ్మలేదక్కా" అన్నాడు తలెత్తకుండా.

"నువ్వు నమ్మక్కర్లేదు. నీకు ఏసీ పాడవకపోయినా పాడైనట్టే కనిపిస్తది." మళ్ళీ నా వైపు. "నలుగురు పెళ్ళికొడుకులు. అందరి మెడలోనూ ఒకటే దండ. ఒక పువ్వు ఊడి, తీగ బైటికొచ్చిన చోటు కూడా ఒకటే. మొగుళ్ళ సంగతి ఎలా ఉన్నా పిల్ల పొదుపరి అనుకున్నాను."

సువార్త ఏడుస్తూనే ఫక్కున నవ్వింది.

"అప్పటికీ అనుమానం ఉండిపోయింది. ఆఖరి ఫోటో చూసేక పోయింది." మా ఆయన వైపు వేలు చూపించింది. "మీరు సంబంధాలు చెడగొడితే చెడగొట్టుండొచ్చు. సొంత మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టి ఇంకో ఆడపిల్లకి పెళ్ళిచేసే మనిషి మాత్రం కాదు. ఫోన్లో మీ గొంతు విన్నాను కదా."

పొగిడిందో తిట్టిందో ఇప్పటికీ తేలలేదు. ప్రధానం ఖాయమైంది. ఫోటోలు నేనే తీయాలి. ఒక్క షరతు.

"నా మరదలు ఇంకెవరి పక్కనా కూర్చోడానికి లేదు. లైటు కోసం కూడా. ఆ దండలు మీరూ మీ ఆయనా వేసుకోండి."

వేసుకున్నాం. మహబూలాలో ఒక చిన్న హాలు, చుట్టూ నర్సులు, మెకానిక్కులు. ఓబులేసు కూడా వచ్చాడు. ఎస్తేరు గారే కడపకు ఫోన్ చేసి మాట్లాడిందట. ఆ గొంతు విన్నాక ఆ ఇల్లాలు మారు మాట్లాడలేదట. మా పెళ్ళినాటి అసలు ఫోటోల్లో నేను బస్సు తప్పిపోయినదానిలా ఉంటాను, మా ఆయన ఆ బస్సు కండక్టరులా ఉంటారు. ఇప్పుడు ప్లాస్టిక్ దండలేసుకుని, నల్లకోటులో ఇరుక్కుని, ఆయన నా చెవిలో మెల్లగా అన్నారు. "ఈ ఫోటో కింద ఏం రాస్తావు?"

నవ్వు ఆగలేదు. కెమెరా సువార్త చేతిలో ఉంది. నొక్కేసింది.

ఇప్పుడు మేం కువైట్‌లో లేం. కాకినాడలో ఏసీ చప్పుడు చేయదు, అయినా ఇద్దరం అరిచే మాట్లాడుకుంటాం. మా పెళ్ళి ఫోటో చూపించమని ఎవరైనా అడిగితే సువార్త తీసినదే చూపిస్తాను. ఆ చెడిపోయిన దండ జత ఇప్పటికీ బీరువాలో ఉంది. తుడిచి పెడుతుంటాను.

ఫోటోగ్రాఫర్లకు పోర్ట్‌ఫోలియో, బ్లాగు రెండూ కావాలా అని ఈమధ్య ఒక కొత్త అమ్మాయి నన్ను అడిగింది. కావాలమ్మా అన్నాను. ఒకటి తప్పు చేయడానికి, రెండోది సంజాయిషీ ఇచ్చుకోవడానికి. నేను ముందే చెప్పానని అనడానికి మూడోది కూడా కావాలి గానీ, నాకు అది పెళ్ళితోనే వచ్చింది.

అందుచేత చదువరులందరి సాక్షిగా, పదునాలుగు భువనాలూ వినేట్టు ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై కింద రాత లేని ఫోటో ఎక్కడా పెట్టను. ఫోటో ఉన్న రాత అసలే రాయను. దీనితో పాటు ఒక్కటైనా ఫోటో పెట్టమని మా ఆయన పొద్దుటినుంచీ పోరుతున్నారు. పక్కన కూర్చుని ఎవరి ఫోటో పెట్టాలో కూడా ఎంచుతున్నారు. చూశారుగా, ఎక్కడా లేదు.