మొహం లేని మొద్దు

నా చిన్నప్పుడు, నన్ను బావికి బలి ఇస్తారని నమ్మి కొన్నాళ్లు అన్నం సయించక తిరిగాను. నవ్వకండి. ఆ ఏడు మా ఊళ్లో ఉండి ఉంటే మీరూ నమ్మేవారే.

శింగనమల పక్క పల్లె మాది. వరసగా వానల్లేవు. మా బావి అడుగున రాయి తేలింది. నాయన పొద్దున్నే గడ్డపార పట్టుకుని దిగేవాడు, సాయంత్రం ఒళ్లంతా దుమ్ముతో ఎక్కి వచ్చేవాడు. పక్కింటి పెద్దమ్మకేమో నోరు ఊరుకోదు. వెనకటికి చెరువుకట్ట నిలవాలని ఒక ఇంటి కోడలికి కొత్త చీర కట్టి, పసుపు కుంకుమ పెట్టి కట్టలో పూడ్చారని కథలు చెప్పేది. గంగమ్మ ఊరికే రాదు, మనిషిని అడుగుతుంది అనేది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

అలాంటి రోజుల్లో మా తాతయ్య నన్ను గోడకు నిలబెట్టి, పాదం నుంచి నెత్తి దాకా తాడుతో కొలిచాడు. ఎందుకని అడిగితే తాడు చుట్టుకుని బావి వైపు నడిచాడు. బావి దగ్గర ఎండి పడిపోయిన వేపమొద్దుకు ఆ తాడు ఆనించి గీత పెట్టుకుని, బాడిసెతో చెక్కడం మొదలుపెట్టాడు. నాగళ్లు చెక్కుకునే చెయ్యి ఆయనది. ఇది మాత్రం చెక్కేకొద్దీ నాగలీ కాలేదు, బొమ్మా కాలేదు. కళ్లు లేవు, నోరు లేదు. నడుము దగ్గర ఒక పక్కకు ఒరిగి ఉంది, ఆ ఒంపులో లోతుగా ఒక గుంట. నేను దాని వైపు చూడకుండా చుట్టు తిరిగి పోయేదాన్ని. పెద్దాయనకు ఎండ తలకెక్కిందని దారిన పోయేవాళ్లు నవ్వుకునేవారు. నాకు మాత్రం సంగతంతా తెలిసిపోయింది. నన్ను బావిలో వేశాక నా బదులు ఇంట్లో నిలబెట్టడానికే అది.

పెద్దల అమావాస్యకు ముందు రోజు నాయన పామిడి నుంచి చీర, పసుపు, కుంకుమ తెచ్చాడు. నేను పుట్టకముందే పోయిన మా అవ్వ పేరున ఏటా చీర పెట్టడం మామూలే. కానీ అది పెద్ద చీర. ఇది ఆడపిల్లలు కట్టుకునే చిన్న చీర, సరిగ్గా నాకు సరిపోయేది. ఎవరికని అడిగితే, పని తొందరలో ఉన్న అమ్మ తాతనే అడగమని విసుక్కుంది.

ఎలా నడిచానో తెలియదు. మొద్దు ముందు కూర్చున్న తాతయ్య దగ్గరికి పోయి, ఏడుస్తూ అనేశాను.

"తాతా, నన్ను బాయిలో ఎయ్యొద్దు. నేను నీళ్లు తక్కువ తాగుతా."

విన్నవాళ్లంతా నవ్వారు. నాయన నవ్వాడు, అమ్మ నవ్వింది, ఈ మంట పెట్టిన పెద్దమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. తాతయ్య నవ్వలేదు. బాడిసె కింద పెట్టాడు. నన్ను దగ్గరికి లాక్కుని, నా చెయ్యి తీసి ఆ గుంటలో పెట్టాడు.

"ఇది మీ అవ్వ పాపా. ఈ ఇంటికి వచ్చినప్పుడు నీ అంతే ఉన్న్యాది. కడవ ఈడ సంకలో పెట్టుకోని ఇట్లే ఒరిగి నడిచేది. ఫొటో ఒకటన్నా లేదు. మొగం తలుసుకుందామంటే గుర్తుకు రాకుండా ఉండాది. ఇంగ ఈ ఒంపు గూడా యాడ మర్సిపోతానోనని నాకు శానా భయమైతాంది."

మరునాడు ఆ చిన్న చీర అమ్మ దానికే చుట్టింది. నా భయం అప్పటికప్పుడే పోయిందంటే అబద్ధం. బావి వైపు పోవాలంటే ఇంకా గుండె దడదడలాడేది. అయినా, అంత పెద్దమనిషి తన భయాన్ని నాలాంటి పిల్లదాని ముందు దాచుకోకుండా చెప్పాడు కదా, ఆ రాత్రి ఆయన పక్కనే పడుకుని నిద్రపోయాను.

ఇప్పుడు నేను అప్పటి ఆయన వయసు దాటాను. నా మనవడు భయమేస్తోందని ఏడుస్తూ వస్తే ఇంట్లో అందరికీ నవ్వులాట. నాకు నవ్వు రాదు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, నాకు దేనికి భయమో నేనూ చెబుతాను. ఈమధ్య చెప్పడానికి ఒక భయం కోసం వెతుక్కోనక్కర లేకుండా పోయింది. తాతయ్య మొహం నాకు గుర్తుకు రావడం లేదు.