వెంకటనారాయణ సారు కాలం చూసిన షర్బత్

మా వెంకటనారాయణ సారుకు రంగున్న నీళ్ళు కనిపిస్తే చాలు, అందులో ఏయే రంగులు కలిశాయో విడదీసి చూడందే గొంతు దిగదు. తన గొంతే కాదు, పక్కవాడి గొంతు కూడా దిగనివ్వడు. అశ్వారావుపేట దగ్గర అడవి అంచున ఉన్న మా ఆశ్రమ పాఠశాలలో ఆయన సైన్సు చెప్పేవాడు, నేను తెలుగు. రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో ఆయన పక్కన కూర్చుని ఒక్క షర్బత్ చల్లగా తాగి ఎరగను.

సంచిలో ఎప్పుడూ ఒక సన్నని గాజు గొట్టం ఉండేది. అడుగున దూది, దానిపైన తెల్లటి పొడి కూరేవాడు. షర్బత్ నాలుగు చుక్కలు పోసి, పైనుంచి ఉప్పునీళ్ళు వదిలితే రంగులు ఒక్కోటి ఒక్కో నడకతో దిగి వేర్వేరు పట్టీలుగా నిలిచేవి. దాన్ని ఆయన ఇంగ్లీషులో ‘కాలమ్’ అనేవాడు. వంట చేసే రామక్కకు అది ‘కాలం’ అని వినపడింది. ఇంకేముంది, సారు కాలం చూస్తాడని తండాలన్నిటా పాకింది.

“సారూ, మా పిల్ల లగ్గానికి జర కాలం చూడుండ్రి.”

“కాలం కాదమ్మా, కాలమ్! పెదవులు మూసి ‘మ్’ అనాలె!”

“మూస్తనే ఉన్న గద సారూ!”

నవమినాడు నేను భక్తిగా తెచ్చిన పానకం కూడా ఆ గొట్టంలోకే పోయింది.

“ఏంది సారూ, రాములవారి ప్రసాదాన్ని అనుమానిస్తరా?”

“రాములవారి మీద అనుమానం లేదు, తెలుగు సారూ. బెల్లం అమ్మినోడి మీదనే.”

ఆయన బదులు చెంపలు నేనే వేసుకున్నాను.

ఆ యేడు పదో తరగతిలో పూలి అనే తండా పిల్ల ఉండేది. ఆగస్టు పదిహేనున బూందీ లడ్డు తిన్నది. ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడక పిల్లికూతలు. లడ్డులోని పసుపు రంగు పడలేదన్నారు దవాఖానాలో. “ఇంకోసారి ఊపిరి పట్టిందంటే టీసీ ఇచ్చి ఇంటికి పంపుడే. ఈ అడవిల నాకు భయం,” అన్నది వార్డెన్ హేమలత మేడం. ఇంటికి పంపితే పూలి చదువు అక్కడితో సరి.

పరీక్షల ముందు వీడ్కోలు సభ పెట్టారు. రామక్క బకెట్ నిండా ఆకుపచ్చ షర్బత్ కలిపింది. “పూలికి పసుపుది పడదని ఈ రంగు తెప్పించిన సారూ,” అని నాతో మెల్లగా చెప్పింది. తల్లిమనసు!

పిల్లలు గ్లాసులు నింపుకున్నారో లేదో, వెంకటనారాయణ గొట్టం తీశాడు.

“ఇయ్యాల గూడనా సారూ!” నా నాలుక పిడచకట్టుకుపోతోంది.

“జర ఆగుండ్రి. ఎవ్వరూ తాగకుండ్రి.”

ఐసు కరిగింది. గ్లాసుల్లో ఈగలు పడ్డాయి. నేను పళ్ళు కొరుకుతూ రామనామం చెప్పుకున్నాను.

గొట్టంలో ఆకుపచ్చ మెల్లగా చీలింది. ఒకచోట నీలం. ఇంకోచోట నిండు పసుపు.

సారు మేడం వంక చూశాడు, పూలి చేతిలో గ్లాసు వంక చూశాడు. గొంతు సవరించుకుని, “కాలం బాగలేదు! ఈ షర్బత్ ఎవ్వరూ తాగొద్దు!” అని గ్లాసులన్నీ బకెట్‌లోకి వంపించి, బకెట్ ఎత్తి మట్టిలో గుమ్మరించాడు.

“మీకు పిచ్చి ముదిరింది సారూ!” అని మేడం విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. “చూసిండ్రా, సారే కాలం అన్నడు!” అని రామక్క మురిసిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. “పూలి ఒక్కదాన్ని ఆపితే సరిపోయేది గద!” అన్నాను ఆయన చెవిలో.

“ఒక్కదాన్నే ఆపితే మేడంకు మళ్ళ టీసీ యాదికొస్తది. అందర్నీ ఆపితే నన్ను తిట్టుకుంటరు, గంతే.”

వంటింట్లోంచి నిమ్మకాయలు తెచ్చిచ్చాను. ఆయన చాప మీద కూర్చుని, అందరికోసం నిమ్మకాయలు కోయడం మొదలుపెట్టాడు. పిల్లలు చుట్టూ మూగి సాధించారు. అందరికంటే పెద్ద గొంతు పూలిదే.

“పొద్దటిసంది కాసుకున్న సల్లటి షర్బత్ మట్టిల పోసిండ్రు గద సారూ, మీ గొట్టం పగిలిపోను, మీ దూది ఎలుకలెత్తుకపోను!”

ఆయన కత్తి ఆపి, చెవి ఒగ్గి విన్నాడు. ముఖం వెలిగిపోయింది.

“ఎంత పొడుగు తిట్టు, చూసిండ్రా తెలుగు సారూ! నడుమ యాడ గూడ ఊపిరి ఆగలే!”