నాలుగంకెల పదమూడు

ఆ రోజుల్లో మెట్రిక్యులేషన్ గట్టెక్కినవాడికి కాళ్ళు నేలమీద ఆనేవి కావు. రాజమహేంద్రవరంలో ఆ పరీక్ష ప్యాసై (రెండోసారికి లెండి), మండపేట దగ్గర ఒక పల్లెలో బడిపంతులుగా చేరిన నాకైతే అసలు కాళ్ళున్న సంగతే గుర్తుండేది కాదు. బడి అంటే ఊరి పెద్దకాపుగారి వీధి అరుగే. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి చూసి మెచ్చుకుంటేనే నా ఉద్యోగం ఖాయం. అలాంటప్పుడు బుద్ధున్నవాడెవడైనా పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయిస్తాడు. నేను మాత్రం ఒకటీ సున్నా తప్ప మరో అంకె లేకుండా ఏ సంఖ్యనైనా రాయొచ్చని ఎక్కడో చదివి, అదే వాళ్ళకు నూరిపోశాను.

పెద్దకాపుగారింటి ధాన్యం కొలపాత్రలే నా సరంజామా. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ. పెద్ద పాత్రలుండాలేగాని, ఏదీ రెండోసారి ముట్టకుండా ఎన్ని సోలలైనా కొలవొచ్చు. వాడిన పాత్రకు ఒకటి, వాడనిదానికి సున్నా. పదమూడు సోలలంటే ఒక అడ్డ (ఎనిమిది సోలలు), ఒక మానిక (నాలుగు), తవ్వ లేదు, ఒక సోల. అంటే 1101. రెట్టింపు కావాలంటే చివర సున్నా తగిలిస్తే సరి. (ఇక రెండో ఎక్కంతో పనిలేదని పెద్దకాపుగారి అబ్బాయి బొండాం పండగ చేసుకున్నాడు.)

ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. పెద్దకాపుగారు పక్కన కుర్చీ వేసుకున్నారు. ఊరంతా అరుగు చుట్టూ మూగింది. పదమూడు రాయమని ఇన్‌స్పెక్టరుగారంటే బొండాం పలకమీద ధీమాగా 1101 వేశాడు.

"వెయ్యిన్నూట ఒకటేంటయ్యా? పంతులుగారూ, ఏంటండీ ఇది?"

"మా పద్ధతిలో అది పదమూడేనండి."

"అయితే రుజువు చేయండి. చేస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే మూటాముల్లె సర్దుకోండి."

ధాన్యం తెప్పించాను. బొండాం అడ్డ, మానిక, సోల ఒక్కొక్కసారి కొలిచి, అంచుకు సమంగా అరచేత్తో తోసి, చాపమీద పోశాడు. ఆ కుప్పనే మళ్ళీ ఒట్టి సోలతో కొలిచి గంపలోకి ఎత్తమన్నాను. పదకొండో సోల సగం కూడా నిండకుండానే చాప ఖాళీ! ధాన్యం మళ్ళీ చాపమీద పోయించి, ఈసారి పక్కనే నిలబడి ఎత్తించాను. తీరా చూస్తే వాడు ప్రతి సోలనీ గోపురం కట్టి మరీ ఎత్తుతున్నాడు.

"సమంగా కొలవరా వెధవా!"

"ఇచ్చేటప్పుడే సమంగా కొలవాలండి. పుచ్చుకునేటప్పుడు గోపురం కట్టాలండి. మా నాన్నగారు అలాగే నేర్పారండి!"

ఆయన కౌలుదారులంతా అక్కడే ఉన్నారు. ఒకడు కిసుక్కున నవ్వాడు, ఆ తర్వాత నవ్వనివాడు లేడు. ఇన్‌స్పెక్టరుగారైతే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ సమంగా కొలిపిస్తే సరిగ్గా పదమూడు. అక్కడితో ఊరుకోవచ్చుగా? "చూశారాండీ, నా లెక్కలో తప్పులేదు, తప్పంతా ఈ ఇంటి కొలతలోనే!" అన్నాను, గొంతెత్తి.

నా ఉద్యోగం ఖాయం చేసి ఇన్‌స్పెక్టరుగారు బండెక్కారు. ఆ బండి మలుపు తిరగ్గానే పెద్దకాపుగారు ఎంతో మర్యాదగా, "తమరి లెక్క దివ్యంగా ఉందండి. కాకపోతే రేపట్నుంచి మా అరుగు ఖాళీ ఉండదండి," అన్నారు.

అలా ఖాయమైన ఉద్యోగం చేతిలో పెట్టుకుని, బడి లేక కాలవ పడవెక్కాను. ఆ తర్వాత నోరు అదుపులో పెట్టుకుని చాలా కొలువులు చేశాను. కానీ "పదమూడండీ!" అని బొండాం ఆఖరి సోల పైకెత్తి అరిచినప్పుడు కలిగిన సంతోషం మళ్ళీ ఏ కొలువులోనూ కలగలేదు. ఆ తలతిక్క కుర్ర పంతులంటే నాకు ఇప్పటికీ ముద్దే.