మా అయ్య పేరుకు లేచిన మనిషి

పదో తరగతిలో నాకు ఐదు వందల పైచిలుకు మార్కులు వచ్చాయి. ఫిషింగ్ హార్బర్ పక్కన మా పేటలో అప్పటిదాకా ఏ ఆడపిల్లకీ అన్ని రాలేదు. ఊళ్లో పేరున్న జూనియర్ కాలేజీకి దరఖాస్తు పెడితే వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. ఇంటర్వ్యూకి తండ్రిని వెంటబెట్టుకుని రావాలట.

తొంభైల చివరి మాట ఇది. ఆ కాలేజీవాళ్లు పిల్లల్ని కాదు, తల్లిదండ్రుల్ని చూసి సీటిస్తారని మా స్కూల్లో గట్టిగా నమ్మేవాళ్లు. తండ్రి ఏం చదివాడు, ఇంటికి ఇంగ్లీషు పేపరు వస్తుందా, పిల్లని కూర్చోబెట్టి చదివించేవాళ్లు ఉన్నారా అని అడుగుతారట. మా అయ్య మరబోటు మీద వేటకి వెళ్లేవాడు. చదువు లేదు. నేను మూడో తరగతిలో ఉండగా నా పలక మీదే సంతకం పెట్టడం నేర్చుకున్నాడు. అంతే.

మా అమ్మ చేపలు అమ్మే ఇళ్లలో పోర్టులో పనిచేసే గోదావరి జిల్లా ఆయన ఇల్లొకటి. నా దరఖాస్తు నింపిపెట్టింది ఆయనే. ఇస్త్రీ చొక్కా, కళ్లజోడు, తడుముకోని ఇంగ్లీషు. తండ్రిగా ఆయన్ని తీసుకెళ్లాలన్న ఆలోచన అమ్మది కాదు, ఆయనదీ కాదు. నాది. పదిహేనేళ్ల పిల్లని, వాళ్ల గుమ్మంలో నిలబడి అడిగాను. ముందు తప్పన్నారు. నేను ఏడిస్తే మెత్తబడ్డారు.

అయ్యకి చెప్పాల్సిందీ నేనే. ఆయన వల బాగుచేసుకుంటున్నాడు.

"కాలేజీవోలు ఇంగ్లీషులో అడుగుతారయ్యా. నీకు రాదు కదా. నీ బదులు పోర్టు బాబుగారు కూకుంటారు" అన్నాను.

అయ్య తల ఎత్తలేదు. చేతిలో ఉన్న ముడి పూర్తి చేశాడు.

"సరే. మరి నాను బయట కూకుంటే పర్నేదా?" అని అడిగాడు.

ఆ రోజు ఆయన వేట మానుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. వరండాలో బెంచీ చివర, మాకు ఏమీ కానివాడిలా కూర్చున్నాడు. గుమస్తా బయటికొచ్చి తండ్రి పేరు పిలిచాడు. మా అయ్య పేరు. అలవాటు చొప్పున అయ్య సగం లేచాడు. ఈలోపు పోర్టు బాబుగారు లేచి నడిచారు. అయ్య మళ్లీ కూర్చున్నాడు. నేను వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లాను.

లోపల ముగ్గురున్నారు. ఆయన్ని ఏవో నాలుగు ప్రశ్నలు అడిగారు. నన్ను ఒక లేడీ లెక్చరర్ అడిగింది, మీ నాన్నగారి దగ్గర నువ్వు నేర్చుకున్నదేమిటని. క్రమశిక్షణ అన్నాను. పక్కన కూర్చున్నాయన వైపు చూసి మరీ అన్నాను. నాకు సీటు వచ్చింది. పేటంతా సంబరపడ్డారు. అయ్య కూడా.

అబద్ధం ఒక్కరోజుతో పోతుందనుకున్నాను. కాలేజీ రికార్డులో ఫోన్ నంబరు పోర్టు ఆఫీసుది. రెండో ఏడాది ఒకరోజు జ్వరం వచ్చి క్లాసులోనే వాంతి చేసుకుంటే, ఆ నంబరుకే ఫోన్ చేశారు. డ్యూటీ వదిలి రాలేక ఆయన మా అయ్యకి కబురు పంపారు. అయ్య హార్బర్ నుంచి ఉన్నపళంగా వచ్చేశాడు. మోకాళ్ల పైకి ఎగగట్టిన లుంగీ, చేతుల మీద ఇంకా ఆరని పొలుసులు. ఇంటర్వ్యూలో ఉన్న లెక్చరరే నన్ను ఆఫీసు గదికి తీసుకొచ్చి, ఇతను నీకేమవుతాడని అడిగింది. నాకు ఒళ్లు కాలిపోతోంది. అప్పుడు నేనిచ్చిన జవాబుని జ్వరం మీదికి నెట్టేయాలని తర్వాత ఎన్నోసార్లు చూశాను. కుదరలేదు. నాకు అన్నీ తెలుస్తూనే ఉన్నాయి.

"మా వీధిలో ఉంటారు మేడమ్. నాన్నగారు పంపించారు" అన్నాను.

అయ్య నా వైపు చూడలేదు. "అవునమ్మా, బాబుగారే పంపినారు" అన్నాడు.

రిజిస్టరులో సంతకం పెట్టమన్నారు. పెడితే రికార్డులో ఉన్న తండ్రి పేరే అక్కడా పడుతుంది. అయ్య తనకి రాయడం రాదని చెప్పి వేలిముద్ర వేశాడు. ఆటోలో నా తల తన భుజం మీద పెట్టుకుని ఇంటిదాకా తీసుకొచ్చాడు. దాని గురించి ఆ రోజు గాని, ఆ తర్వాత గాని ఒక్క మాట అనలేదు. కానీ నేను చదివిన ఏ కాలేజీ గేటూ ఆయన మళ్లీ దాటలేదు. నేను పీజీ పట్టా తీసుకున్న రోజున అమ్మ ఒక్కతే వచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన చాలా ఏళ్లకి నేనూ లెక్చరర్నయ్యాను. ఇంటర్ పేపర్లు దిద్దే చోట ఒక వేసవిలో ఆ మేడమ్ నా పక్క బల్లకే వచ్చింది. నన్ను గుర్తుపట్టి సంతోషించింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పాక, ఇంటర్వ్యూల్లో తల్లిదండ్రుల్లో ఏం చూసేవారని అడిగాను. ఆమె నవ్వింది.

"ఏముందమ్మా చూడ్డానికి? మార్కుల్ని బట్టి లిస్టు ముందురోజే టైపు చేయించేవాళ్లం. కరెస్పాండెంటు గారికి అదో సరదా. పేరెంట్స్‌ని పిలిచి నాలుగు ముక్కలు అడిగితే కాలేజీ అంటే కాస్త భయం ఉంటుందని."

నేను డబ్బా మూత పెట్టేశాను. ఇన్నేళ్లూ నేను ఆ కాలేజీని తిట్టుకుంటూ బతికాను. వాళ్లు జాలరివాణ్ణి గుమ్మం ఎక్కనిచ్చేవాళ్లు కాదు కాబట్టే అలా చేశాననుకున్నాను. వాళ్లు భయపెట్టిన మాట నిజమే. కానీ అయ్యని బెంచీ మీద కూర్చోబెట్టమని వాళ్లెవరూ నాకు చెప్పలేదు.

ఆ ఆదివారం పేటకి వెళ్లి అమ్మకి ఇదంతా చెప్పాను. అయ్యకి కూడా చెప్పేసి క్షమించమని అడుగుతానన్నాను. అమ్మ బయటికి తొంగిచూసి, అయ్య దగ్గర్లో లేడని నిర్ధారించుకుంది.

"సెప్పకు. కాలేజీవోలు అంత సెడ్డోలనుకునే ఆయన ఇన్నాళ్లూ ఊరుకున్నాడు. ఆలు మంచోలేనని తెలిస్తే, ఇంక కోపం ఎవుల మీద సూపించుకుంటాడు?"

నేను చెప్పలేదు. క్షమించమనీ అడగలేదు.