పది వేళ్లవాడు

అయోవా రైల్వే యార్డులో ఆర్విల్ టాకెట్ కుదురుగా నిలబడగా ఎవరూ చూడలేదు. గూడ్సు రైలుపెట్టెలు ఒకదానికొకటి చేత్తో తగిలిస్తూ రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. ఆ చేత్తోనే తొడమీద దరువేస్తూ పట్టాల వెంట తిరుగుతాడు. ఈ చేతిపని మాన్పించాలని కంపెనీమీద కోర్టులో కేసు పడ్డాక ఆ తిరుగుడు మరీ ఎక్కువైంది. ఆ యార్డులో వేళ్లు పోయినవాడే పనిమంతుడు. మేస్త్రీ చెయ్యి చూసి పనిచ్చేవాడు. పది వేళ్లతో కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాడు నీల్స్‌ని "పెళ్లికొడకా" అంటూ ఆర్విలే ఏడిపించేవాడు.

ఆ మధ్యాహ్నం తంతి గుమాస్తా కిటికీలోంచి అరిచాడు. "గెలిచాం! సర్కారు చెప్పినట్టు, వాటంతటవే తగులుకునే కొక్కేలు కంపెనీ పెట్టాల్సిందేనంది పెద్దకోర్టు! ఇక పెట్టెల మధ్య ఎవడూ చెయ్యి పెట్టనక్కర్లేదు!"

టోపీలు గాల్లోకి లేచాయి.

"ఇక నీ చెయ్యి చూసి పనెవడిస్తాడ్రా, ఆర్విల్?" అని నవ్వారెవరో.

దరువు ఆగింది. ఆర్విల్ నీల్స్ దగ్గరికెళ్లి, వాడి చేతిని తన మూడు వేళ్లతో గట్టిగా పట్టుకున్నాడు.

"పెళ్లికొడకా, ఇవన్నీ ఇంటికి పట్టుకెళ్లరా."