ఒక కుర్చీ, రెండు ఫోటోలు

సూరత్‌లో నేను పనిచేసే హోటల్లో ఈ మధ్యాహ్నం హోటళ్ల సంఘం, సభలూ సమావేశాలూ నిర్వహించేవాళ్ల సంఘం కలిసి నడవలేనివాళ్లకు చక్రాల కుర్చీలు పంచాయి. మొదట నర్సయ్య తాతను పిలిచారు. మా తెలంగాణ నుంచి వలస వచ్చి, ఇక్కడి పవర్‌లూమ్ కార్ఖానాలో ముప్పై ఏళ్లు పనిచేసి, నడుం విరిగి మంచాన పడ్డ మనిషి. కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, ఫోటో తీశారు.

అంతలో రెండో సంఘం అధ్యక్షుడు తమ బ్యానర్ ఫోటోలో పడలేదని ముఖం మాడ్చుకున్నాడు. ఆయన హిందీలో అన్న మాట తాతకు తెలుగులో చెప్పే పని నాకు పడింది.

"తాతా, జర లేచి మళ్ల కూసుంటవా? ఇంకో ఫోటో తీస్తరంట."

"లేవొస్తే గీ కుర్చీ నాకెందుకు బిడ్డా?" అన్నాడు తాత.

నేనూ ఇంకో వెయిటరూ ఆయన్ని చంకల కింద పట్టి లేపాం. నొప్పికి నా చొక్కా గట్టిగా పట్టుకున్నాడు. బ్యానర్ సర్దేదాకా అలాగే నిలబెట్టి, మళ్లీ కూర్చోబెట్టాం.

సాయంత్రం ఆ రెండో ఫోటో మా హోటల్ గ్రూపులోకి వచ్చింది. అందరూ లైక్ కొట్టాలని మేనేజర్ మెసేజ్ పెట్టాడు. నేనూ కొట్టాను. మీరైతే ఏం చేసేవారో చెప్పండి.